నన్‌థార్ప్ పందెం: వేగానికి విలువ పెరిగిన శతాబ్దం

వ్యాససంగ్రహం:

ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో ఏటా ఆగస్టు నెలలో జరిగే నన్‌థార్ప్ స్టేక్స్, థరోబ్రెడ్ గుర్రాలకు అయిదు ఫర్లాంగుల దూరం మీద నిర్వహించే పరుగు పందెం. నిమిషమైనా పట్టని ఈ పందెం ప్రస్తుత రూపంలో 1922లో మొదలైంది. దీర్ఘదూరపు ఓర్పుకే గౌరవం దక్కిన సంప్రదాయంలో స్వల్పదూరపు వేగం ఏ విధంగా ప్రతిష్ఠ సంపాదించుకుందో ఈ పందెం చరిత్ర ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పందెపు నియమాలు, విజేతల వంశక్రమం, కాలమానం, మార్కెట్ విలువ అనే అంశాలు ఇందులో చర్చకు వస్తాయి. గుర్రం వేగంలో వచ్చిన మార్పు స్వల్పమనీ, ఆ వేగానికి సంస్థలూ మార్కెట్టూ కట్టిన విలువలో వచ్చిన మార్పే అధికమనీ ఈ పరిశీలన సూచిస్తుంది.

కీలక పదాలు: గుర్రపు పందేలు, థరోబ్రెడ్, నన్‌థార్ప్ స్టేక్స్, యార్క్, వేగం, ఓర్పు, వంశక్రమం, క్రీడా చరిత్ర.

1. పరిచయం:

తెలుగులో 'పందెం' అనే మాట పరుగు పోటీకీ, దానిపై ఒడ్డే పణానికీ సమానంగా వర్తిస్తుంది. ఇంగ్లిషులోని 'స్టేక్స్' అనే మాటలోనూ ఇటువంటి అర్థచ్ఛాయే ఉంది. గుర్రాల యజమానులు ప్రవేశరుసుముగా చెల్లించిన సొమ్మును ఒకచోట చేర్చి విజేతకు బహుమతిగా ఇచ్చే పద్ధతి నుంచి ఆ పేరు ఏర్పడింది. ఈ వ్యాసంలో 'పందెం' అనే మాటను పరుగు పోటీ అనే అర్థంలోనే గ్రహించాలి.

థరోబ్రెడ్ అనేది పరుగు కోసమే ఇంగ్లండ్‌లో రూపొందించిన అశ్వజాతి. 17, 18 శతాబ్దాల్లో తూర్పు దేశాల నుంచి వచ్చిన బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు పోతుగుర్రాలు ఈ జాతికి పితృమూలాలు. వీటిలో డార్లీ అరేబియన్ 1704లో అలెప్పో నుంచి యార్క్ సమీపంలోని ఆల్డ్‌బీ పార్క్‌కు చేరింది. హైదరాబాదులోని మలక్‌పేట మైదానంలో నేడు పరుగెత్తే గుర్రాలు కూడా ఈ జాతికి చెందినవే. భారతదేశంలో పందెపు దూరాలను మీటర్లలో చెబుతారు. బ్రిటన్‌లో ఇప్పటికీ ఫర్లాంగులే వాడుకలో ఉన్నాయి. ఫర్లాంగు సుమారు 201 మీటర్లు. కనుక నన్‌థార్ప్ పందెపు దూరం సుమారు 1,006 మీటర్లు. మలుపు లేని తిన్నని బాటలో, చదునైన పచ్చిక నేలపై ఈ పరుగు సాగుతుంది.

2. ఓర్పుకు పెద్దపీట వేసిన కాలం:

నన్‌థార్ప్ పందెం ప్రాధాన్యం గ్రహించడానికి దానికి ముందున్న విలువల వ్యవస్థను తెలుసుకోవడం అవసరం. 18వ శతాబ్దం తొలి భాగంలో రాజుగారి పేరిట జరిగే పందేల్లో గుర్రాలు నాలుగు మైళ్ళ దూరాన్ని ఒకే రోజు ఒకటికి మించిన పర్యాయాలు పరుగెత్తేవి. పూర్తిగా ఎదిగిన గుర్రాలే వాటిలో పాల్గొనేవి. మంచి గుర్రమంటే బరువు మోస్తూ అలసట లేకుండా చాలాదూరం పోగలిగినదని నాటి భావన.

ఆ శతాబ్దం చివరి పాతికేళ్ళలో ఈ భావన కొంత సడలింది. సెయింట్ లెజర్ (1776), ఓక్స్ (1779), డెర్బీ (1780) పందేలు మూడేళ్ళ గుర్రాలకు ఉద్దేశించినవి. దూరాలు కూడా తగ్గాయి. 1809లో మొదలైన టూ థౌజండ్ గినీస్, 1814లో మొదలైన వన్ థౌజండ్ గినీస్ మైలు దూరపు పందేలు. ఈ అయిదింటినీ కలిపి 'క్లాసిక్' పందేలంటారు. అయితే దూరం తగ్గడం మైలు దగ్గరే ఆగిపోయింది. అంతకంటే తక్కువ దూరానికి క్లాసిక్ హోదా దక్కలేదు. 1876లో న్యూమార్కెట్‌లో ఆరు ఫర్లాంగుల జూలై కప్ ఏర్పడినప్పటికీ, గౌరవంలో స్వల్పదూరపు పందెం దీర్ఘదూరపు పందేనికి వెనకే నిలిచింది. ఒక గుర్రాన్ని 'స్ప్రింటర్' అని పిలవడంలో మెప్పుతో పాటు, దూరం పోలేదన్న నిశ్శబ్ద విమర్శ కూడా ఉండేది.

3. నేవ్స్‌మైర్ మైదానం – పందెం ఆవిర్భావం:

యార్క్ పందేలు జరిగే స్థలం పేరు నేవ్స్‌మైర్. ఆ పేరులోని రెండో భాగానికి బురదనేల అని అర్థం. ఊరి పశువులు మేసే ఆ ఉమ్మడి బీడులోనే నేరస్థులను ఉరితీసే స్థలం కూడా ఉండేది. దారిదోపిడీలతో పేరుమోసిన డిక్ టర్పిన్‌ను 1739లో అక్కడే ఉరితీశారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1731లో, గుర్రపు పందేలు ఈ మైదానానికి తరలివచ్చాయి. 1750లలో వాస్తుశిల్పి జాన్ కార్ ఇక్కడ ప్రేక్షకుల కోసం భవనాన్ని రూపొందించాడు. 1843లో మొదలైన ఎబోర్ హ్యాండిక్యాప్ యార్క్ ఆగస్టు సమావేశానికి కేంద్రమైంది. ఎబోర్ అనేది ఆ నగరపు రోమన్ నామం 'ఎబొరాకమ్'కు సంక్షిప్త రూపం. ఆ పందెం దూరం పద్నాలుగు ఫర్లాంగులు. అంటే యార్క్ ప్రతిష్ఠ కూడా మొదట ఓర్పు మీదనే ఆధారపడింది.

20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో 'నన్‌థార్ప్ స్టేక్స్' పేరుతో యార్క్ వసంత సమావేశంలో ఒక పందెం ఉండేది. అది తక్కువ స్థాయి విక్రయ పందెం. అటువంటి పందెంలో గెలిచిన గుర్రాన్ని పరుగు ముగియగానే వేలానికి పెడతారు. యజమాని వదులుకోవడానికి సిద్ధపడిన గుర్రాలే అందులోకి వస్తాయి. 1922లో అదే పేరును కొత్త పందేనికి వాడుకున్నారు. వయస్సును బట్టి బరువు నిర్ణయించే పద్ధతిలో ఉత్తమమైన స్ప్రింటర్లను ఒకచోట చేర్చే పోటీగా అది మారింది. టూ స్టెప్ తొలి విజేత. యజమాని వదిలించుకోదలచిన గుర్రాల పందెం పేరు, ఎవరూ వదులుకోని గుర్రాల పందేనికి సంక్రమించడం ఈ చరిత్రలో మొదటి మలుపు.

4. ముంతాజ్ మహల్ వంశం:

కొత్త పందేనికి మూడో ఏటనే గొప్ప విజేత లభించింది. ఆ ఆడగుర్రం పేరు ముంతాజ్ మహల్. అజేయంగా నిలిచిన ది టెట్రార్క్ అనే చుక్కల బూడిదరంగు గుర్రం దాని తండ్రి. ఇస్మాయిలీ ముస్లింల ఇమామ్, భారత రాజకీయాల్లోనూ ప్రముఖుడైన మూడవ ఆగాఖాన్ పక్షాన జార్జ్ లాంబ్టన్ 1922లో దీన్ని 9,100 గినీలకు కొన్నాడు. మొఘల్ చరిత్ర నుంచి తీసుకున్న పేరు పెట్టారు. రెండేళ్ళ వయస్సులో అసాధారణ వేగం చూపిన ఈ గుర్రం 1924లో మైలు దూరపు వన్ థౌజండ్ గినీస్‌లో రెండో స్థానంతో సరిపెట్టుకుంది. తిరిగి స్వల్పదూరానికి మళ్ళి గుడ్‌వుడ్‌లో కింగ్ జార్జ్ స్టేక్స్, ఆ తరువాత యార్క్‌లో నన్‌థార్ప్ గెలిచింది.

నాటి ప్రమాణాల ప్రకారం ఇది 'దూరం పోలేని' గుర్రం. కాని దాని సంతతి ఆ ప్రమాణాన్నే ప్రశ్నించింది. దాని కూతురు మా మహల్ కన్న మహమూద్ 1936లో పన్నెండు ఫర్లాంగుల డెర్బీని గెలిచింది. ఆనాడు నమోదైన కాలం 1995 వరకు ఆ పందెంలో రికార్డుగా నిలిచింది. మరో కూతురు ముంతాజ్ బేగం కన్న నస్రుల్లా ద్వారా ఆ రక్తం అమెరికాకు చేరింది. 1973లో అమెరికన్ ట్రిపుల్ క్రౌన్ సాధించిన సెక్రటేరియట్ నస్రుల్లాకు మనుమడు. ఇంకొక కూతురు రుస్తుం మహల్ కన్న అబర్నాంట్ 1949, 1950 సంవత్సరాల్లో వరుసగా నన్‌థార్ప్‌ను గెలిచి, అమ్మమ్మ గెలిచిన పందేనికే తిరిగి వచ్చింది.

వేగం ఒక తరంలో పరిమితిగా కనిపించినా, తగిన కలయికతో తరువాతి తరాల్లో దూరాన్ని జయించే శక్తిగా మారగలదని ఈ వంశక్రమం నిరూపించింది. పెంపకందారుల దృష్టిలో స్ప్రింట్ పందెం విలువ పెరగడానికి ఇది బలమైన కారణాల్లో ఒకటి.

5. వయస్సు, బరువు – న్యాయం ప్రశ్న:

నన్‌థార్ప్‌కు ఒక అరుదైన లక్షణం ఉంది. రెండేళ్ళ గుర్రాలు తమకంటే పెద్దవాటితో తలపడడానికి ఇది అవకాశమిస్తుంది. ఉత్తరార్ధగోళంలో థరోబ్రెడ్లన్నింటికీ జనవరి 1నే వయస్సు పెరుగుతుంది. ఆగస్టు నాటికి రెండేళ్ళ గుర్రం ఇంకా ఎదుగుదలలోనే ఉంటుంది. ఈ తేడాను సరిచేసే సాధనం బరువు. 19వ శతాబ్దం మధ్యలో అడ్మిరల్ హెన్రీ రౌస్ ఏ నెలలో, ఏ దూరానికి, ఏ వయస్సు గుర్రం ఎంత బరువు మోయాలో సూచించే పట్టికను రూపొందించాడు. అనంతర సవరణలతో ఆ సూత్రమే నేటికీ అమల్లో ఉంది.

2007లో ఈ పందెంలో నాలుగేళ్ళు, ఆపై వయస్సున్న గుర్రాలు 9 స్టోన్ల 11 పౌండ్లు (సుమారు 62 కిలోలు) మోయగా, రెండేళ్ళ గుర్రాలు 8 స్టోన్ల 1 పౌండు (సుమారు 51 కిలోలు) మాత్రమే మోశాయి. జాకీ శరీరబరువు, జీను కలిపి ఈ లెక్క కడతారు. ఆడగుర్రాలకు మరో 3 పౌండ్ల తగ్గింపు ఉంటుంది. సుమారు 11 కిలోల ఈ వెసులుబాటు ఎక్కువా తక్కువా అనే చర్చ నిపుణుల మధ్య పలుమార్లు తలెత్తింది. ఫలితాలు మాత్రం చిన్న గుర్రాలకు అంత అనుకూలంగా లేవు. 1956లో ఎన్నిస్ గెలిచిన తరువాత రెండేళ్ళ గుర్రం మళ్ళీ గెలవడానికి 1992 దాకా వేచి ఉండాల్సి వచ్చింది. ఆ ఏడాది లిరిక్ ఫాంటసీ, 2007లో కింగ్స్‌గేట్ నేటివ్ ఆ ఘనత సాధించాయి. అంతకుముందు ఒక్క పందెమూ గెలవని గుర్రంగా బరిలో దిగడం కింగ్స్‌గేట్ నేటివ్ విజయంలోని విశేషం.

ఓర్పు ఆలస్యంగా పరిపక్వమవుతుంది. వేగం ముందుగానే బయటపడుతుంది. రెండేళ్ళ గుర్రానికి ఇక్కడ అవకాశమైనా ఉండడానికి కారణం ఇదే. పెట్టుబడి పెట్టిన యజమానికి ప్రతిఫలం త్వరగా అందించే గుణం వేగమే కావడం ఆర్థికపరంగా గమనించదగిన అంశం.

6. శ్రేణీకరణ – సంస్థాగత గుర్తింపు:

1971లో ఐరోపాలో ముఖ్యమైన పందేలను గ్రూప్ 1, 2, 3 అనే మూడు శ్రేణులుగా విభజించే పద్ధతి అమల్లోకి వచ్చింది. అమ్మకాల జాబితాల్లో గుర్రం వంశావళి పక్కన దాని బంధువుల విజయాల శ్రేణిని ముద్రించడం మొదలయ్యాక, శ్రేణి అంటే ధర అనే పరిస్థితి ఏర్పడింది. నన్‌థార్ప్‌కు మొదట రెండో శ్రేణి లభించింది. 1976 నుంచి 1989 వరకు ఈ పందెం ప్రాయోజక సంస్థ పేరుతో 'విలియం హిల్ స్ప్రింట్ ఛాంపియన్‌షిప్'గా సాగి, 1990లో మళ్ళీ పాత పేరు పొందింది. ఈ మధ్యకాలంలోనే షార్పో వరుసగా మూడేళ్ళు (1980–82) గెలిచి, 1928–30 మధ్య టాగ్ ఎండ్ సాధించిన ఘనతతో సమానంగా నిలిచింది. 1984లో పందెం గ్రూప్ 1 స్థాయికి చేరింది.

ఇదే దూరానికి ఆస్కట్‌లో అప్పట్లో కింగ్స్ స్టాండ్ స్టేక్స్ పేరుతో జరిగిన పందెం 1988లో రెండో శ్రేణికి దిగి, 2008లో తిరిగి మొదటి శ్రేణి పొందింది. ఆ ఇరవై ఏళ్ళూ బ్రిటన్‌లో అయిదు ఫర్లాంగుల గ్రూప్ 1 పందెం నన్‌థార్ప్ ఒక్కటే. శుద్ధవేగం కలిగిన గుర్రానికి స్వదేశంలో అత్యున్నత గుర్తింపు పొందే మార్గం ఆ దశలో యార్క్ మీదుగానే సాగింది. విదేశీ గుర్రాలు కూడా ఆ గుర్తింపును వెతుక్కుంటూ వచ్చాయి. ఆస్ట్రేలియాలో శిక్షణ పొందిన ఆర్టెన్సియా 2012లో, అస్ఫూరా 2025లో విజేతలయ్యాయి.

7. ముక్కు తేడా, గడియారపు సాక్ష్యం:

దూరం తగ్గేకొద్దీ విజేతకూ ఇతరులకూ మధ్య అంతరం తగ్గుతుంది. పొరపాటును దిద్దుకునే వ్యవధి ఉండదు. అందువల్ల స్ప్రింట్ పందెం కొలత సాధనాలపై అధికంగా ఆధారపడుతుంది. బ్రిటన్‌లో 1947లో గమ్యరేఖ ఛాయాచిత్ర పద్ధతి, 1965లో ప్రారంభపు గదుల పద్ధతి వచ్చాయి. ఈ రెండూ లేని కాలంలో అయిదు ఫర్లాంగుల ఫలితాన్ని నమ్మకంగా నిర్ణయించడం కష్టసాధ్యం.

1997 పందెం ఇందుకు ఉదాహరణ. పరుగు మధ్యలో కోస్టల్ బ్లఫ్ నోటి కళ్ళెం విరిగిపోయింది. గుర్రాన్ని అదుపు చేసే సాధనం లేకుండానే జాకీ కెవిన్ డార్లీ చివరిదాకా స్వారీ చేశాడు. యా మలక్ అనే గుర్రంతో కలిసి అది సమానంగా గమ్యరేఖ దాటినట్లు ఛాయాచిత్రం తేల్చింది. యా మలక్‌పై స్వారీ చేసిన అలెక్స్ గ్రీవ్స్ ఆ ఫలితంతో బ్రిటన్‌లో గ్రూప్ 1 పందెం గెలిచిన తొలి మహిళా జాకీ అయింది. 2011లో హేలీ టర్నర్ మార్గాట్ డిడ్‌పై ఇదే పందెం గెలిచింది. 2017లో లేడీ అరేలియాపై స్వారీ చేసిన ఫ్రాంకీ డెటోరీ తానే గెలిచానన్న నమ్మకంతో సంబరం చేసుకున్నాడు. ఛాయాచిత్రం మార్షాను ముక్కు తేడాతో విజేతగా చూపింది. మరుసటి ఏడాది ఆల్ఫా డెల్ఫినీ కూడా ముక్కు తేడాతోనే మాబ్స్ క్రాస్‌ను ఓడించింది.

కాలమానం విషయంలో రెండు సంఖ్యలు ఆలోచింపజేస్తాయి. 1990లో డేజుర్ 56.16 సెకన్లలో పరుగు ముగించి యార్క్ రికార్డు నెలకొల్పింది. 29 ఏళ్ళ తరువాత, 2019లో, బత్తాష్ 55.90 సెకన్లతో దాన్ని అధిగమించింది. సగటు వేగం గంటకు దాదాపు 65 కిలోమీటర్లు. ఈ రెండు పరుగుల మధ్య వ్యత్యాసం 0.26 సెకను, అంటే అర శాతం కంటే తక్కువ. నేల తేమ, గాలి వాలు ఒక్కో ఏడాది ఒక్కో విధంగా ఉంటాయి కనుక ఇంత చిన్న తేడా నుంచి జాతి మొత్తం వేగం పెరిగిందన్న నిర్ణయానికి రావడం సాధ్యం కాదు. పెంపక కేంద్రాలకు, శిక్షణకు, పశువైద్యానికి అపారంగా ధనం వెచ్చించిన మూడు దశాబ్దాల్లో యార్క్ గడియారంలో కనిపించిన లాభం ఇంతే.

8. రికార్డు వేరు, వారసత్వం వేరు:

గడియారం మెచ్చిన గుర్రాలనే వంశావళి కూడా మెచ్చిందా అన్నది తరువాతి ప్రశ్న. డేజుర్ నాలుగు గుర్రాల పొడవు అంతరంతో గెలిచింది. కాని పెంపక రంగంలో దాని ప్రభావం ఆశించినంతగా లేదు. బత్తాష్ గెల్డింగ్, అంటే సంతానశక్తిని తొలగించిన మగగుర్రం. అందువల్ల యార్క్‌లో అత్యంత వేగం నమోదు చేసిన గుర్రానికి వారసులు లేరు. 2008, 2009 సంవత్సరాల్లో గెలిచిన బోర్డర్‌లెస్కాట్ కూడా గెల్డింగే. కింగ్స్‌గేట్ నేటివ్‌ను సంతానోత్పత్తి కోసం పెంపక కేంద్రానికి పంపినా, ఆ శక్తి లోపించడంతో అది మళ్ళీ పందేలకు తిరిగి వచ్చింది.

ఇందుకు భిన్నంగా, 1996లో అతిస్వల్ప అంతరంతో గట్టెక్కిన పివోటల్ గొప్ప వంశకర్త అయింది. 6,000 పౌండ్ల సంగమ రుసుముతో మొదలైన దాని ధర క్రమంగా 85,000 పౌండ్లకు చేరింది. దాని కొడుకు కిల్లాకీ 2002లో, కిల్లాకీ కొడుకు సోల్ పవర్ 2010, 2014 సంవత్సరాల్లో నన్‌థార్ప్ గెలిచాయి. మూడు తరాలు వరుసగా ఒకే పందెం గెలవడం విశేషం. 2010లో సోల్ పవర్‌పై పందెపు నిష్పత్తి ఒకటికి వంద. సోల్ పవర్ కూడా గెల్డింగే కావడంతో ఆ శాఖ అక్కడితో ఆగింది. అయితే పివోటల్ కూతురు సరిస్కా 2009లో పన్నెండు ఫర్లాంగుల ఓక్స్ గెలిచింది. మరో కూతురు హాఫ్‌వే టు హెవెన్ మనుమడు ఆగస్ట్ రోడిన్ 2023లో డెర్బీ గెలిచాడు. ముంతాజ్ మహల్ వంశం చూపిన పాఠాన్ని పివోటల్ వంశం మళ్ళీ చూపింది.

9. మార్కెట్ – లాభం, ప్రమాదం:

2017లో మార్షా విజయం సాధించినప్పుడు దాని యజమాని సామాన్య సభ్యుల చందాలతో నడిచే ఎలైట్ రేసింగ్ క్లబ్. అదే ఏడాది చివర టాటర్సాల్స్ వేలంలో మార్షా 60 లక్షల గినీలకు అమ్ముడుపోయింది. గెలిచిన గుర్రాన్ని వేలంవేయడం ఒకనాడు విక్రయ పందేనికి షరతు. ఇప్పుడు కూడా విజేత వేలానికే వెళ్ళింది, కాని తల్లిగా అది అందించబోయే వేగానికి కొనుగోలుదారులు పోటీపడ్డారు.

జన్యుశాస్త్రం ఈ మార్కెట్‌కు కొత్త ఆధారాన్ని ఇచ్చింది. 2010లో డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన ఎమెలీన్ హిల్ బృందం, కండర పెరుగుదలను నియంత్రించే మయోస్టాటిన్ జన్యువులోని ఒక భేదానికీ గుర్రానికి అనువైన దూరానికీ సంబంధం ఉందని వెల్లడించింది. వేగానికి అనుకూలమైన రూపం 20వ శతాబ్దంలో నియార్క్‌టిక్, దాని కొడుకు నార్తర్న్ డాన్సర్ సంతతి ద్వారా విస్తృతంగా వ్యాపించిందని అనంతర పరిశోధన తెలిపింది.

ఇక్కడే అసలు సమస్య ఎదురవుతుంది. త్వరగా పరిపక్వమై త్వరగా ధర తెచ్చే గుణాన్నే ఎంపిక చేస్తూ పోతే, నెమ్మదిగా ఎదిగే దూరపు గుర్రాలకు ఆదరణ తగ్గుతుంది. ముంతాజ్ మహల్, పివోటల్ వంశాల విజయం వేగం ఒక్కదాని విజయం కాదు. ఆ వేగం ఓర్పు గల వంశాలతో కలిసినప్పుడే డెర్బీ, ఓక్స్ విజేతలు పుట్టాయి. కలపడానికి ఓర్పు గల వంశాలు మిగలకపోతే వేగానికి ఉన్న ఈ రెండో ప్రయోజనం కూడా తగ్గిపోతుంది.

మార్కెట్ అంచనాలకు లొంగని ఉదాహరణలు కూడా ఈ పందెంలో ఉన్నాయి. 2013లో గెలిచిన జ్వాలపై పందెపు నిష్పత్తి ఒకటికి నలభై. యార్క్‌షైర్‌లోనే జాన్ క్విన్ శిక్షణలో ఉన్న హైఫీల్డ్ ప్రిన్సెస్ తక్కువ స్థాయి హ్యాండిక్యాప్ పందేల నుంచి ఎదిగి, 2022లో నన్‌థార్ప్‌తో సహా మూడు దేశాల్లో మూడు గ్రూప్ 1 పందేలను అయిదారు వారాల వ్యవధిలో గెలిచింది.

10. ముగింపు:

విక్రయ పందెపు పేరును స్వీకరించి 1922లో మొదలైన నన్‌థార్ప్ ఆరు దశాబ్దాల్లో అత్యున్నత శ్రేణికి చేరింది. ఈ ఎదుగుదలకు మూడు కారణాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది, వేగవంతమైన గుర్రాల సంతతి దూరపు పందేల్లోనూ రాణించడం. రెండవది, శ్రేణీకరణ ద్వారా లభించిన సంస్థాగత గుర్తింపు. మూడవది, ఆ గుర్తింపును ధరగా మార్చిన వేలం మార్కెట్. గడియారం ఈ కాలంలో నమోదు చేసిన మార్పు అతిస్వల్పం. అందువల్ల ఈ పందెం చరిత్రను గుర్రాలు వేగవంతమైన చరిత్రగా కంటే, వేగం అనే గుణానికి మనుషులు విలువ పెంచుకుంటూ వచ్చిన చరిత్రగా చదవడం సముచితం.

2008లో కుండపోత వర్షాలకు నేవ్స్‌మైర్ బురదమయం కావడంతో ఆ ఏటి పందెం న్యూమార్కెట్‌కు తరలింది. 2020లో కోవిడ్ కారణంగా ప్రేక్షకులు లేకుండానే జరిగింది. స్థలం మారినా, గ్యాలరీలు ఖాళీగా ఉన్నా ఆ ఫలితాలు వంశావళిలో యథాతథంగా చేరాయి. క్రీడా చరిత్రను అధ్యయనం చేసేవారికి వంశావళులు, పందెపు షరతులు, వేలం జాబితాలు విజేతల పట్టిక కంటే ఎక్కువ సమాచారం అందించగలవని ఈ పందెం చరిత్ర తెలియజేస్తుంది.